తొడ తోలు చీలమండకొచ్చి ఆరేళ్లు

2019లో ట్రాక్టర్ ట్రాలీ కింద పడి, చీలమండకి జానెడు పైన కాలు నుజ్జయింది. ఎముక తెల్లగా బయటికే కనపడేది. "పైన తోలు వేస్తే పోదా?" అన్నాడు నాన్న. వట్టి ఎముక మీద తోలు అతకదట, అడుగున రక్తం ఆడాలట. మోకాలి దగ్గరైతే పిక్క కండ తిప్పి కప్పేవాళ్లు. చీలమండ దగ్గర తిప్పడానికి ఏముంది, ఎముకా నరాలూ తప్ప?

అందుకే ఫ్రీ ఫ్లాప్. తొడ పక్కనుంచి తోలూ కొవ్వూ రక్తనాళంతో సహా కోసి తెచ్చి, మైక్రోస్కోప్ కింద, వెంట్రుకకన్నా సన్నని దారంతో కాలి నాళానికి కుట్టారు. తొమ్మిది గంటలు పట్టింది.

అసలు పరీక్ష ఆ తర్వాతే. గంటగంటకీ నర్సు వచ్చి వేలితో నొక్కి రంగు చూసేది, పెన్నులాంటి డాప్లర్ ఆనించి రక్తం పారే 'షుఁ షుఁ' చప్పుడు వినేది. రెండో రాత్రి ఫ్లాప్ నీలంగా మారింది. సిరలో రక్తం గడ్డకట్టింది. రాత్రి రెండింటికి మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్లారు, దక్కింది. సిగరెట్టు సరే, కాఫీ కూడా ఆపేశారు!

రెండు వారాలయ్యాక కాలు మంచం మీంచి దించడం, మొదట అయిదు నిమిషాలే. దించగానే నేరేడుపండు రంగు. పోయిందనుకున్నా, అది మామూలేనట.

నా బాధల్లా, మొదట చేరిన ఆసుపత్రిలో కట్లు మారుస్తూ పదకొండు రోజులు పోగొట్టడమే. 72 గంటల్లోపు కప్పేస్తే మేలని స్లొవేనియా సర్జన్ మార్కో గొదీనా 532 మంది రోగుల లెక్కతో 1986లోనే రాశాడు. నాకు చీము పట్టింది, ఎముక అతకడానికి ఏడాదిన్నర పట్టింది. మీ వాళ్లకెవరికైనా ఇలా జరిగితే మొదటి రోజే ప్లాస్టిక్ సర్జన్‌ని పిలిపించమని అడగండి.

ఇప్పుడు రెండు కిలోమీటర్లు నడుస్తా. గొంతుక్కూర్చోలేను. సాయంత్రానికి వాపు, అందుకే బిగుతు సాక్సు. ఫ్లాప్ మీద స్పర్శ లేదు: సైలెన్సర్ తగిలి బొబ్బలెక్కితే మా ఆవిడ చూసేదాకా తెలీలేదు. దోమ కుట్టినా దురద ఉండదు, అదొక్కటే లాభం. తొడ దగ్గర కూడా అరచేయంత మేర మొద్దుబారింది.

మొదట బన్నులా ఉబ్బి ఉంటే ఏడాదికి కొవ్వు తీసి పల్చన చేశారు. తొడ కొవ్వు కదా, నేను లావెక్కితే అదీ లావెక్కుతుంది. మొన్న మళ్లీ తగ్గించమంటే, "ముందు నువ్వు తగ్గు" అన్నాడు డాక్టరు. ఇంకా మొదలెట్టలేదు.