నెట్‌బుక్ మీద యాంటీఎక్స్ 23: బ్రౌజర్ తెరిచేదాకా భేష్

ఒడిశాలోని గుణుపురం, రాయగడ, పర్లాకిమిడి ఇళ్లల్లో అటకెక్కిన పది అంగుళాల నెట్‌బుక్‌లకి దారులు ఒక్కొక్కటే మూసుకుపోతున్నాయి. వాటిలో ఉండే ఆటమ్ ఎన్270 వట్టి 32 బిట్ ప్రాసెసర్. లినక్స్ రకాల్లో ఉబుంటు దాన్ని ఎప్పుడో వదిలేసింది, డెబియన్ కూడా 13వ వెర్షన్‌తో దానికి ఇన్‌స్టాలర్ ఆపేసింది. డెబియన్ 12 మీద కట్టిన తేలికపాటి లినక్స్ యాంటీఎక్స్ 23కి మాత్రం 32 బిట్ ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ చేసే ఫైలు) ఉంది. ఏమీ తెరవనప్పుడు ర్యామ్ 200 ఎంబీకి అటూ ఇటూ తింటుంది. అయిదుకి మూడున్నర మార్కులు ఇవ్వొచ్చు. ఆ ఒకటిన్నర ఎక్కడ పోయిందంటే, బ్రౌజర్ దగ్గర. 1 జీబీ ర్యామ్‌తో ఫైర్‌ఫాక్స్‌లో మూడో ట్యాబ్ తెరిస్తే డిస్కు గిరగిరా తిరగడమే, పేజీ కదలదు.

అందుకే డబ్బు పెడితే ముందు ర్యామ్ మీద పెట్టండి, ఎస్ఎస్‌డీ తర్వాత. ఎన్270కి డీడీఆర్2 ల్యాప్‌టాప్ ర్యామ్ కావాలి, 2 జీబీ మించి తీసుకోదు. కొన్ని మోడళ్లలో 512 ఎంబీ బోర్డుకే అతికి ఉంటుంది, అక్కడ ఒకటిన్నర జీబీతో సరి. ఆటమ్ ఎన్455 ప్రాసెసర్ ఉన్నవాటికి డీడీఆర్3, ఈ రెండు రకాల ర్యామ్‌లూ ఒకదాని చోట ఒకటి పట్టవు.

పెన్‌డ్రైవ్ 4 జీబీది చాలు. ఐఎస్ఓని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే రూఫస్ ప్రోగ్రామ్‌లో డీడీ మోడ్ ఎంచుకోండి. తెర ఎత్తు 600 పిక్సెళ్లే కాబట్టి కిందున్న బటన్లు కనబడకపోతే ఆల్ట్ నొక్కి పట్టుకుని విండోని మౌస్‌తో పైకి లాగాలి. గ్రబ్ (మెషిన్ ఆన్ చేయగానే లినక్స్‌ని లేపే ప్రోగ్రామ్) ఏ డిస్కులో పెట్టాలని అడిగినచోట సైజు చూసి మరీ ఎంచుకోండి. అది పెన్‌డ్రైవ్‌లోకి వెళ్తే, పెన్‌డ్రైవ్ తీసేశాక మెషిన్ లేవదు. ఈ నెట్‌బుక్‌ల బ్యాటరీలు ఎటూ చచ్చి ఉంటాయి, ఇన్‌స్టాల్ మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికే. ఇన్వర్టర్ ప్లగ్గులో పెట్టుకోవడం మేలు.

ఇన్‌స్టాల్ అయ్యాక ఏ సైటూ తెరుచుకోక, అప్‌డేట్లు రాక సతాయిస్తే వైఫైని తిట్టకండి. తారీఖు చూడండి. లోపలి చిన్న బ్యాటరీ అయిపోతే గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది, సైట్ల భద్రతా సర్టిఫికెట్లన్నీ చెల్లవంటుంది బ్రౌజర్. వైఫై నిజంగానే లేకపోతే వైఫై కార్డు బ్రాడ్‌కామ్ కంపెనీది అయ్యుండొచ్చు. ఫోన్‌ని యూఎస్‌బీతో తగిలించి, ఆ నెట్‌తో కార్డుని నడిపే ఫర్మ్‌వేర్ ఫైలు దించుకోవాలి. అథెరోస్ ఏఆర్9285 కార్డుకి ఆ గొడవే లేదు.

మన ప్రాంతానికి అసలు లాభం అక్షరాల్లో ఉంది. కొట్టులో పేర్లు తెలుగులో, ఆఫీసుకిచ్చే అర్జీ ఒడియాలో. అక్షరాల బదులు డబ్బాలు కనబడితే రెండు భాషల ఫాంట్ ప్యాకేజీలూ వేయండి. టైపింగుకి ఐబస్ అనే విడి ప్రోగ్రామ్ వద్దు, ఉన్న ర్యామ్‌లో అదో భారం. కీబోర్డ్ లేఅవుట్లలోనే తెలుగు, ఒడియా చేర్చుకోండి. రెండూ ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషలన్నిటికీ ఒకే తీరు కీల అమరిక) వరసే. తెలుగు క ఎక్కడుందో ఒడియా క కూడా అదే కీ మీద ఉంటుంది. తెలుగులో వేళ్లు అలవాటైతే ఒడియాకి మళ్లీ నేర్చుకునేది తక్కువే.

సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు ప్రాసెసర్ పేరు చదవకుండా డబ్బివ్వొద్దు. ఆటమ్ జెడ్520, ఎన్2600 ఉన్నవాటిలో పవర్‌వీఆర్ గ్రాఫిక్స్ ఉంటుంది. లినక్స్‌లో దానికి సరైన డ్రైవర్ లేదు, వీడియో ముక్కలు ముక్కలుగానే ఆడుతుంది. ఎన్270, ఎన్455 అయితే బేరమాడండి.