నాలుగు రూపాయల వడ్డీ: అప్పుల పుస్తకం మూడేళ్లు వాడాక

2022 ఏప్రిల్‌లో అప్పుల లెక్క రాసుకోవడానికి 60 రూపాయలు పెట్టి లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొన్నాను. అంతకు ముందు ఫోన్‌లో రెండు యాప్‌లు, ఆఫీసు కంప్యూటర్‌లో ఒక ఎక్సెల్ షీటు ప్రయత్నించాను. ఏదీ నెల దాటలేదు. ఫోన్‌లో ఉన్నదాన్ని చూడకుండా పక్కకు జరపడం చాలా తేలిక. పుస్తకం మాత్రం బియ్యం డబ్బా మీద కూర్చుని రోజూ కనిపిస్తుంది.

మొదటి పేజీ రాయడానికి మూడు రాత్రులు పట్టింది. క్రెడిట్ కార్డు 1,20,000. ఊళ్లో వరసకు పెదనాన్న దగ్గర ప్రోనోటు మీద తెచ్చినవి 2,00,000. పర్సనల్ లోన్ బాకీ 2,40,000. తోడల్లుడి దగ్గర చేబదులు 25,000. ఈ చివరిది మా ఆవిడకు తెలియదు. రాస్తుంటే చూసింది. ఆ రాత్రి గొడవ గురించి ఇక్కడెందుకులెండి.

ఈ పద్ధతిలో నాకు నిజంగా పనికొచ్చింది ఒక్కటే. అన్ని వడ్డీలనూ ఊరి లెక్కలోకి, అంటే నెలకు నూటికి ఎన్ని రూపాయలో, మార్చి రాశాను. పెదనాన్న నోటు రెండు రూపాయల వడ్డీ, అది మొదటి నుంచీ తెలుసు. సంవత్సరానికి 14 శాతం పర్సనల్ లోన్ రూపాయి పావలా లోపే. కార్డు దగ్గరకొచ్చేసరికి చేయి ఆగింది. నెలకు మూడున్నర శాతం, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ. కలిపితే 4 రూపాయల 13 పైసలు! ఊళ్లో నాలుగు రూపాయల వడ్డీకి తెచ్చానంటే మా నాన్న గడప తొక్కనివ్వడు. నేనేమో ఏడాదిన్నరగా మినిమమ్ డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టమనే మొత్తం మాత్రమే కడుతూ, బాకీ సక్రమంగానే తీరుస్తున్నాననుకున్నాను. నెలకు కట్టే 6,000లో 4,956 వడ్డీకీ పన్నుకే పోయేది. పైగా బాకీ మిగిలినంత కాలం ఆ కార్డు మీద కొత్తగా కొన్న సరుకులకు కూడా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. ఆ సంగతీ అప్పుడే తెలిసింది.

దారి మా ఆవిడే చూపింది. తన గాజులు బ్యాంకులో పెడితే 80 పైసల వడ్డీకి డబ్బొచ్చింది. అప్పు మీద అప్పేమిటని రెండు రోజులు మూతి ముడుచుకున్నాను గానీ, నాలుగు రూపాయలెక్కడ, 80 పైసలెక్కడ? కార్డు మొత్తం కట్టేశాం. అయినా మరుసటి నెల ఇంకో వెయ్యి చిల్లర బిల్లు వచ్చింది. బిల్లు తేదీ నుంచి కట్టిన రోజు వరకు పడిన వడ్డీ అట. అదీ కట్టి, కార్డు రద్దయినట్టు మెయిల్ వచ్చేదాకా వదల్లేదు.

ఆ తర్వాత పెద్ద వడ్డీదే ముందు తీర్చాలి కాబట్టి ప్రోనోటు వంతు. ఐదు వేలు పట్టుకుని ఊరెళ్తే పెదనాన్న, “ఇట్టా చిల్లరగా ఇస్తే నా చేతిలో నిలవదు అబ్బాయ్, ఒక్కసారే పట్టుకురా” అన్నాడు. ఇది పుస్తకం చెప్పని ఇబ్బంది. విడిగా పొదుపు ఖాతాలో దాచి, 50,000 అయ్యాక ఇచ్చి, నోటు వెనక చెల్లు, అంటే అంత ముట్టిందని రాత, వేయించుకున్నాను. దాచిన డబ్బు కళ్లెదురుగా ఉంటే ఫ్రిజ్ పాడైనప్పుడు చేయి లాగుతుంది. ఒకసారి లాగింది కూడా.

ఇంకో లోపం. లెక్క ప్రకారం చేబదులు అన్నిటికంటే చివర తీర్చాలి, ఎందుకంటే వడ్డీ లేదు. కానీ తోడల్లుడు ఉంటాడని నేను రెండు పెళ్లిళ్లు ఎగ్గొట్టాను. అడిగేవాడు కాదు, అదే ఎక్కువ బాధ. ఏడో నెలలో వరస తప్పించి అతనివి ఇచ్చేశాను. నోటు తీరడం రెండు మూడు నెలలు వెనక్కి జరిగింది, అయినా ఆ పని ఇంకా ముందే చేయాల్సిందనిపిస్తుంది. అందుకే ఈ పద్ధతికి ఐదుకి నాలుగు మార్కులే.

ఎవరికి పనికిరాదంటే, నెల ఖర్చులకే జీతం చాలని వాళ్లకి. రాసుకుంటే టెన్షన్ పెరగడం తప్ప ఒరిగేదేమీ ఉండదు, ముందు ఆదాయం సంగతి చూడాలి. నాకు 46,000 జీతం, అప్పటికే అప్పులకు 18,000 పోతోంది. ఆ 18,000నే వేరే వరసలో కట్టానంతే, కొత్తగా మిగిల్చిందేమీ లేదు.

ఈ సంక్రాంతికి పెదనాన్న నోటు చించి నా చేతిలో పెట్టాడు. మార్చితో పర్సనల్ లోన్ అయిపోయింది. మిగిలింది గాజుల మీద 95,000. పుస్తకంలో ఇంకా సగం పైన ఖాళీ. మా అమ్మాయి రఫ్ బుక్‌కి అడుగుతోంది, అమ్మ గాజులు ఇంటికొచ్చాక తీసుకోమన్నాను.