మా పెద్దాడి కోసం వాడిన సేవలు: ఏవి ఆదుకున్నాయి, ఎక్కడ ఆగిపోయాయి

మా పెద్దాడికి ఇరవై దాటాయి. మేధో వైకల్యం, దానికి తోడు ఫిట్స్. మాది కోనసీమలో పి.గన్నవరం వైపు ఒక లంక. వాడు మాటలు రాక ఆగిపోయిన వయసు నుంచి ఇప్పటి దాకా మాలాంటి ఇళ్లకు ప్రభుత్వం ఇచ్చే సేవలు దాదాపు అన్నీ వాడాం. చిన్న పిల్లలతో ఇప్పుడే ఈ దారిలోకి వస్తున్న తల్లిదండ్రుల కోసం రాస్తున్నాను. నేను చూసేది ఒక్కటే: ఆ సేవ వల్ల పిల్లాడితో పాటు ఇంట్లో మిగతావాళ్లకి కూడా ఊపిరాడిందా లేదా.

అలా చూస్తే మొదటి స్థానం భవిత సెంటర్‌దే. బడి చదువుల కోసం ప్రభుత్వం నడిపే సమగ్ర శిక్ష పథకం కింద మండలాల్లో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిచే కేంద్రాలివి. అక్కడి మేడం మావాడికి అఆలు నేర్పే ముందు చొక్కా తొడుక్కోవడం నేర్పింది. గుండీలన్నీ మనమే పెట్టి, చివరి గుండీ ఒక్కటి వాడికి వదిలేయాలి. అది వచ్చాక చివరి రెండు వదలాలి. అలా కింద నుంచి పైకి వెళ్తే ప్రతిసారీ పని పూర్తిచేసింది వాడే అవుతాడు. స్నానం, కంచం కడగడం, చెప్పులు వేసుకోవడం అన్నీ అదే పద్ధతిలో వచ్చాయి. ఈ ఒక్క కిటుకు మా ఇంటి రోజునే మార్చేసింది. ఫిజియో వారానికోసారి వచ్చేవారు. రవాణా భత్యం, తోడు వచ్చేవాళ్లకి ఎస్కార్ట్ భత్యం ఉంటాయి, అడిగి రాయించుకోండి. కదల్లేని పిల్లల ఇళ్లకు టీచరే వెళ్లి నేర్పే ఏర్పాటు కూడా ఉంది.

భవితలో నాకు దొరికిన అసలు సాయం గది బయట వరండాలో ఉండేది. పిల్లలు లోపల ఉన్నంతసేపు తల్లులం అక్కడే కూర్చునేవాళ్లం. ఏ డాక్టరు పిల్లల్ని విసుక్కోకుండా చూస్తాడో, ఏ మాత్ర వేశాక పిల్లాడు రోజంతా మగతగా ఉంటున్నాడో, అత్తగారు ఏమందో, అన్నీ అక్కడే మాట్లాడుకునేవాళ్లం. ఒకావిడ పురుడు పోసుకోవడానికి పుట్టింటికి వెళ్తే ఆమె కూతుర్ని మరో తల్లి తనతో తీసుకొచ్చి తీసుకెళ్లేది. వరదల్లో కాజ్‌వే మునిగి మేం రాలేకపోతే వీళ్లే ఫోన్ చేసి మందులున్నాయా అని అడిగేవాళ్లు. ఏ జీవోలోనూ లేని సేవ ఇది. నన్ను నిలబెట్టింది మాత్రం ఇదే.

సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఉందని ఇచ్చే ధ్రువపత్రం, లేనిదే ఏదీ కదలదు, కాబట్టి మొదట దాని పని చూసుకోండి. ఆసుపత్రిలో పరీక్షకి గ్రామ సచివాలయంలో గానీ మీసేవలో గానీ స్లాట్ తీసుకోవాలి. మేధో వైకల్యానికి ఇచ్చే సర్టిఫికెట్‌ను 5, 10, 18 ఏళ్ల వయసుల్లో మళ్లీ పరీక్ష చేయించి మార్చుకోవాలి. పద్దెనిమిదికి ఇచ్చేది శాశ్వతం. ఒక ఆసుపత్రిలో తెల్లవారుజామున వెళ్లి ఎండెక్కే దాకా పిల్లాణ్ని నిలబెట్టాల్సి వచ్చింది. లోపలికి పిలిచేసరికి వాడికి ఫిట్స్ వచ్చి తేరుకున్నాడు, ఆ స్థితిలోనే ప్రశ్నలడిగారు. చుట్టూ అందరూ మాలాంటివాళ్లే, అయినా ఒక కుర్చీ ఇచ్చే నాథుడు లేడు. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. తిండి, నీళ్లు, వేసే మాత్రలు, పాత చీటీలు, స్కూలు కాగితాలు దగ్గర పెట్టుకునే వెళ్లండి.

పింఛను గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 2024 జులై నుంచి నెలకు ₹6,000, ఒకటో తారీఖున సచివాలయం వాళ్లు ఇంటికే తెచ్చి ఇస్తున్నారు. మందులకీ, ఆటోలకీ ఎవరి దగ్గరా చేయి చాచకుండా గడుస్తోంది. 2025లో వైకల్యాల పునఃపరిశీలన అన్నప్పుడు మాత్రం ఊళ్లో అందరికీ టెన్షనే. కాగితాలన్నీ ఒక కవర్లో పెట్టి ఉంచుకోవడం మంచిది.

నిరామయ ఆరోగ్య బీమా చాలామందికి తెలియదు, నాకూ వరండాలోనే తెలిసింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్లది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి ఏడాదికి ₹1 లక్ష దాకా వర్తిస్తుంది. ముందస్తు పరీక్షలు అడగరు, వయసు పరిమితి లేదు. ఆసుపత్రిలో చేరకపోయినా మందులకీ, థెరపీకీ బిల్లులు పెట్టుకోవచ్చు. ముందు మనం కట్టి తర్వాత రాబట్టుకోవాలి, చేతిలో డబ్బు ఆడని ఇంటికి అదే కష్టం. ఏటా రెన్యువల్ మరిచిపోకూడదు.

సికింద్రాబాద్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం జాతీయ సంస్థ ఉంది, ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ అంటున్నారు, 1984లో పెట్టింది. ఒకసారైనా వెళ్లి పూర్తి పరీక్ష చేయించుకుని, ఇంట్లో ఏం నేర్పాలో రాయించుకోండి. రైల్లో స్లీపర్, థర్డ్ ఏసీల్లో పిల్లాడికీ, తోడు వెళ్లేవాళ్లకీ 75 శాతం రాయితీ ఉంది.

పద్దెనిమిది నిండాక సంగతి వేరు. చట్టం ప్రకారం వాడు పెద్దవాడు, మనం కన్నవాళ్లమే అయినా వాడి తరఫున సంతకం పెట్టలేం. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేసి సంరక్షకులుగా పత్రం తెచ్చుకోవాలి. వాడి పేర ఆస్తి గానీ, బ్యాంకు ఖాతా గానీ ఉంటే దీన్ని వాయిదా వేయొద్దు.

కాగితం చేతికొస్తుంది, రోజు మాత్రం ఖాళీగా మిగులుతుంది. భవిత బడి పిల్లలకి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఇచ్చే ఉచిత విద్య కూడా 18 ఏళ్ల వరకే. ఆ మరుసటి రోజు నుంచి, అంతకుముందు దాకా సంచి తగిలించుకుని వెళ్లిన పిల్లాడు గేటు దగ్గర నిలబడి ఆటో కోసం చూస్తాడు. ఆటో రాదని ఎలా చెప్పాలి? నెలల తరబడి నేర్చుకున్నవి కొన్ని మర్చిపోయాడు, కోపం పెరిగింది. చివరికి పక్కింటి బాబాయిగారే దారి చూపించారు. వాళ్ల కొబ్బరి రాశి దగ్గర కాయలు అందించే పని పెట్టారు. పొద్దున్న రెండు మూడు గంటలు అక్కడుంటాడు, అలిసిపోయి వచ్చి బాగా తింటాడు. మాకు ఆ బాబాయిగారున్నారు. లేని ఇళ్లు ఎన్నో.

ఇంకో విషయం ఎవరూ అడగరు, వాడి చెల్లి సంగతి. అది ఇంటర్ చదువుతూ, నాకు జ్వరమొస్తే అన్నకి తినిపించి, మందు వేసి, అప్పుడు కాలేజీకి వెళ్లేది. చుట్టాలింట్లో పెళ్లికి మేం నలుగురం కలిసి వెళ్లి ఎన్నేళ్లయిందో. ఎవరో ఒకరం ఇంట్లో ఆగాల్సిందే. రెండు రోజులు నమ్మకంగా పిల్లాణ్ని అప్పగించే చోటు మా చుట్టుపక్కల నాకు ఇంతవరకూ కనపడలేదు.

అందుకే మేం కొందరు తల్లులం ఒక అర్జీ రాశాం. పద్దెనిమిది దాటినవాళ్లకి పగటిపూట ఉండే కేంద్రం కావాలి. మా మండలంలో భవిత గదులు మధ్యాహ్నం తర్వాత ఖాళీగానే ఉంటాయి, అవే ఇస్తే చాలు. ఒక మనిషి, కొంచెం పీచు పనో, కవర్లు అంటించే పనో, అప్పుడప్పుడు ఫిజియో ఉంటే సరిపోతుంది. సోమవారం అమలాపురం కలెక్టరేట్‌లో ఇస్తున్నాం. రాజోలు, ముమ్మిడివరం వైపు వాళ్లు కూడా సంతకం పెడతామంటే మీ భవిత మేడం దగ్గర పేరు రాయించండి.