చచ్చిన రౌటర్‌ని లేపడమా, కొత్తది కొనడమా: ఏది మేలు?

రౌటర్ ఫర్మ్‌వేర్, అంటే దాన్ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్, అప్‌డేట్ సగం దాటాక కరెంటు పోయింది. శ్రీకాకుళంలో గాలివాన పట్టిన సాయంత్రం ఆ బటన్ నొక్కడం నా బుద్ధితక్కువే. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కానీ రౌటర్ ఉన్న ప్లగ్గుకి ఆ లైను లేదు. కరెంటు వచ్చాక చూస్తే పవర్ లైటు వెలుగుతోంది, మిగతా లైట్లన్నీ ఒక్కసారి మెరిసి ఆరిపోతున్నాయి, కాసేపటికి మళ్లీ అదే. "నెట్టు రాట్లేదేటిరా?" అని అమ్మ వంటింట్లోంచి రెండుసార్లు అడిగింది.

ఏ దారి పట్టేముందైనా అడాప్టర్ మార్చి చూడాలి. అదే వోల్టేజీ, అంతకు తగ్గని ఆంపియర్లు ఉన్నది. అడాప్టర్ నీరసించినా రౌటర్ ఇలాగే మొదలవుతూ ఆగిపోతూ ఉంటుంది, తప్పు అప్‌డేట్ మీదకి పోతుంది. ఒక్క లైటూ వెలగకపోతే ముందు అనుమానించాల్సింది కరెంటు వైపునే.

అడాప్టర్ బాగుంటే నా ఓటు టీఎఫ్‌టీపీకే, అంటే కేబుల్ మీదుగా ఫైలు పంపే సాదా పద్ధతికే. చాలా రౌటర్లలో ఫర్మ్‌వేర్ పాడైనా దానికి ముందు నడిచే చిన్న ప్రోగ్రామ్, బూట్‌లోడర్, చెక్కుచెదరదు. రీసెట్ బటన్ నొక్కిపట్టి పవర్ ఆన్ చేస్తే అది కేబుల్లో కొత్త ఫైలు కోసం చూస్తుంది. ఖర్చు లేదు, మూత విప్పే పని లేదు. కాకపోతే ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. టీపీ-లింక్ పాత మోడళ్లు చాలావరకు 192.168.0.66 అనే అడ్రసు దగ్గరకొచ్చి ఫలానా పేరుతో ఫైలు ఇమ్మని అడుగుతాయి. నెట్‌గేర్ వాటిలో చాలావాటికి మనమే ఫైలు పంపాలి. డీ-లింక్‌లో కొన్నిటికి బ్రౌజర్లోనే రికవరీ పేజీ తెరుచుకుంటుంది.

మాది అడిగే రకం. ఏ అడ్రసు కోసం వెతుకుతోందో తెలియక, కేబుల్లో ఏం నడుస్తోందో చూపించే వైర్‌షార్క్ అనే ప్రోగ్రామ్ పెట్టి చూశాను. పవర్ ఇచ్చిన కొద్ది సెకన్లకే ఆ అడ్రసు ఎవరిదని కేకేసింది, జవాబు రాకపోయేసరికి ఊరుకుంది. లాప్‌టాప్‌కి అదే అడ్రసు ఇచ్చి, ఫైలు అందించే టీఎఫ్‌టీపీడీ64 ప్రోగ్రామ్ నడిపినా రెండుసార్లు పని కాలేదు. ఒకసారి విండోస్ ఫైర్‌వాల్ అడ్డుకుంది. రెండోసారి మరీ సిల్లీ: ఫైలు పేరు చివరుండే డాట్ బిన్ లాంటి ముక్కని విండోస్ దాచిపెడుతుంది కదా, నేను పేరు మార్చినప్పుడు అది డాట్ బిన్ డాట్ బిన్ అయి కూర్చుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. రౌటర్ ఆన్ అయ్యేటప్పుడు కేబుల్ లింకు తెగి, లాప్‌టాప్ మళ్లీ అందుకునేలోపు అది అడగడం మానేస్తుంది. మధ్యలో చిన్న నెట్‌వర్క్ స్విచ్ పెడితే లాప్‌టాప్ వైపు లింకు తెగదు. మూడోసారికి ఫైలు కదిలింది. తర్వాత ఐదు నిమిషాలు దాన్ని ముట్టుకోలేదు, ఫ్యాను కూడా వేయలేదు. ఎందుకో అడక్కండి.

ఫైలు దించేముందు రౌటర్ అడుగున స్టిక్కర్ మీద మోడల్‌తో పాటు వెర్షన్ (వీ2, వీ3 లాంటిది) కూడా చూడండి. మోడల్ ఒకటే అయినా వీ2 ఫైలు వీ3లో వేస్తే ఉన్నదీ పోతుంది.

అది కేబుల్లో ఏమీ అడగడం లేదంటే సీరియల్ దారి, అంటే బోర్డుకే వైర్లు తగిలించి బూట్‌లోడర్‌తో మాట్లాడడం. మూత విప్పి, బోర్డు మీద గ్రౌండ్, టీఎక్స్ (పంపేది), ఆర్‌ఎక్స్ (అందుకునేది) పిన్నులు వెతికి, వాటిని లాప్‌టాప్ యూఎస్‌బీకి కలిపే యూఎస్‌బీ-టీటీఎల్ ముక్క తగిలించాలి. గ్రౌండ్‌ని గ్రౌండ్‌కి. టీఎక్స్‌ని ఆర్‌ఎక్స్‌కి, ఆర్‌ఎక్స్‌ని టీఎక్స్‌కి. కరెంటు ఇచ్చే వీసీసీ వైరు తగిలించొద్దు. ఆ ముక్క 3.3 వోల్టులదే ఉండాలి, 5 వోల్టులు పోతే చిప్ కాలిపోవచ్చు. లాప్‌టాప్‌లో పెట్టాల్సిన సీరియల్ వేగం (బాడ్ రేటు) చాలావాటిలో 115200. స్క్రీన్ మీద అక్షరాలు కదిలితే రౌటర్ ఎక్కడ ఆగిపోతోందో తెలిసిపోతుంది. ముక్క ఖరీదు రెండు మూడు వందలే, కానీ టంకం పెట్టడం రానివాళ్లకి ఆదివారమంతా పోతుంది. వారంటీ ఉంటే ఈ జోలికే వెళ్లొద్దు, సర్వీస్ సెంటర్‌కి ఇచ్చేయండి. ఇంటర్నెట్ వాళ్లు బిగించిన ఫైబర్ డబ్బా అయితే అసలు ఏ ప్రయోగమూ వద్దు. అది వాళ్లది, వాళ్లకే ఫోన్ చేయండి.

కొత్తది కొనడం ఓటమేం కాదు. మీ పాతది 100 ఎంబీపీఎస్ పోర్టులదై, ప్లాన్ అంతకన్నా ఎక్కువైతే, దాన్ని లేపినా మీ డబ్బుకి తగ్గ వేగం రాదు. పొద్దున్నే ఆఫీసు కాల్ ఉన్నవాళ్లు రాత్రంతా కూర్చోవడమూ దండగే. మొన్న విజయనగరం నుంచి బావ సరిగ్గా ఇలాంటి దానికే ఫోన్ చేశాడు. పాత రౌటర్, ఇంట్లో ఇద్దరు వర్క్ ఫ్రమ్ హోమ్. "కొత్తది కొనేయ్ బావా" అన్నాను. "మరి పాతది పడేయమంటావేటి?" అన్నాడు. పడేయొద్దు, పండక్కొచ్చినప్పుడు పట్రమ్మన్నాను. సీరియల్ ముక్క ఎప్పుడో కొని ఉంచాను, ఇంతవరకు ప్యాకెట్ కూడా చింపలేదు.