ఒకే పవర్ సప్లై, రెండు మదర్‌బోర్డులు: ఆరేళ్ల వాడకం తర్వాత

పర్లాకిమిడిలో మాది డీటీపీ షాపు. శుభలేఖలు తెలుగులోనూ ఒడియాలోనూ వేస్తాం. మాఘమాసం వచ్చిందంటే రాత్రి పదకొండు దాకా కంప్యూటర్‌కి విశ్రాంతి ఉండదు. 2019 నుంచి దాన్ని నడిపిస్తున్నది కోర్సెయిర్ సీఎక్స్450 పవర్ సప్లై, అంటే గోడ కరెంటుని కంప్యూటర్ భాగాలకి కావలసిన వోల్టులకి మార్చి ఇచ్చే పెట్టె. ఇప్పుడు దాని మీద నడుస్తున్నది రెండో మదర్‌బోర్డు (ప్రాసెసర్ లాంటివన్నీ బిగించే ముఖ్యమైన బోర్డు). బోర్డు మారుస్తున్నప్పుడు పాత పవర్ సప్లై పనికొస్తుందా అని తెలిసినవాళ్లు చాలామంది అడుగుతున్నారు, అందుకే ఇది రాస్తున్నాను.

అంతకుముందు క్యాబినెట్‌తో పాటే వచ్చిన పవర్ సప్లై ఉండేది. దాని స్టిక్కర్ మీద కూడా పెద్ద అక్షరాలతో 450 వాట్లు అనే ఉంది. 2019లో పాత బోర్డు పోయి కొత్తది తెచ్చినప్పుడు, బిగించడానికి వచ్చిన కుర్రాడు "450 రాసుంది కదన్నా, సరిపోద్ది" అన్నాడు. నేనూ సరేనన్నాను. కొత్త బోర్డులో ప్రాసెసర్ పక్కన ఎనిమిది పిన్నుల సాకెట్ ఉంది, మా వైరుకి ఉన్నవి నాలుగే. ఆ నాలుగే గుచ్చి ఆన్ చేస్తే నడిచింది కూడా. వారం తిరక్కుండానే పెద్ద ఫ్లెక్సీ ఫైలు సేవ్ అవుతుండగా టప్పున ఆగిపోయింది. మర్నాడు మళ్లీ అంతే. ఒక శుభలేఖ రెండుసార్లు మొదటినుంచి చేశాను. పెళ్లివారు బయట బెంచీ మీద కూర్చుని ఉంటే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో ఈ పని చేసేవాళ్లకి తెలుసు.

ఆ రాత్రి టార్చి వేసి స్టిక్కర్ మీది చిన్న గళ్లు చదివాను. 12 వోల్టుల గడిలో 14 ఆంపియర్లు. హెచ్చవేస్తే 168 వాట్లు, అంతే. మిగతా బలమంతా 5, 3.3 వోల్టుల గళ్లలో చూపించారు. ఇప్పటి ప్రాసెసర్‌కీ, గ్రాఫిక్స్ కార్డుకీ కరెంటు వెళ్లేది 12 వోల్టుల నుంచే. కాబట్టి ముందు చూడాల్సింది ఆ ఒక్క గడి.

సీఎక్స్450 విశాఖపట్నంలో కొన్నాను. దీని 450 వాట్లలో దాదాపు అంతా 12 వోల్టుల మీదే దొరుకుతుంది. ప్రాసెసర్ వైరు 4+4గా విడిపోతుంది: పాత బోర్డుకి సగం, కొత్తదానికి రెండూ కలిపి. పెట్టిన రోజు నుంచి ఆ ఆగిపోవడం లేదు.

2022లో ఇంటెల్ ఐ5-12400 ప్రాసెసర్‌కి మారి, దానికి సరిపడే బీ660 బోర్డు తెచ్చాను. ఈసారి కొనకముందే లెక్క చూసుకున్నాను. ఆ ప్రాసెసర్ బేస్ పవర్ 65 వాట్లు, కానీ టర్బోలో, అంటే బరువు పని పడి వేగం పెంచినప్పుడు, 117 దాకా వెళ్తుంది. అంటే 12 వోల్టుల మీద దాదాపు 10 ఆంపియర్లు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. బోర్డుకి 24 పిన్నులు, ప్రాసెసర్‌కి ఎనిమిది, రెండూ నా దగ్గరున్నాయి. ఇక మార్చే పని లేకపోయింది.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. గ్రాఫిక్స్ కార్డు వైరు 6+2 కూడా ఎనిమిది పిన్నులే. కానీ అందులో 12 వోల్టుల వైపు, గ్రౌండ్ వైపు ప్రాసెసర్ వైరుకి తారుమారుగా ఉంటాయి. పిన్నుల ఆకారం వేరు కాబట్టి మామూలుగా దూరదు. దూరకపోతే దయచేసి బలవంతంగా నొక్కకండి, బోర్డు కాలిపోవచ్చు.

మాకు వేసవిలో సాయంత్రం స్టెబిలైజర్ ముల్లు 180కి పడిపోయే రోజులుంటాయి. ఈ పవర్ సప్లై 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకుంటుంది, అలాంటి రోజుల్లోనూ మొరాయించలేదు. మొన్న ఫైలు ఎక్స్‌పోర్ట్ అవుతుండగా 12 వోల్టుల వైరుకి మల్టీమీటర్ పెట్టి చూస్తే 11.96 వచ్చింది. 11.4కీ 12.6కీ మధ్య ఎంతున్నా పరవాలేదు.

నచ్చనివీ ఉన్నాయి. వైర్లు ఊడదీయడానికి రావు, వాడనివన్నీ క్యాబినెట్ అడుగున కుక్కాల్సిందే. నా క్యాబినెట్‌లో ప్రాసెసర్ వైరు బోర్డు వెనక నుంచి తిప్పితే బొటాబొటిగా అందింది. వైర్లన్నీ నలుపే, ఏ వైరు ఎన్ని వోల్టులదో రంగు చూసి పోల్చుకోలేం. ఈ ఏడాది ఏప్రిల్ నుంచి ఫ్యాన్ పొద్దున్నే గరగరమంటోంది. ఐదేళ్ల వారంటీ ఎప్పుడో అయిపోయింది. లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలవుంటుంది కాబట్టి నేను విప్పను, బయటి నుంచి బ్లోయర్ కొట్టి దుమ్ము తీస్తున్నానంతే. ఈ పెళ్లిళ్లు అయ్యాక కొత్తది తెస్తాను. గ్రాఫిక్స్ కార్డు కూడా పెట్టే ఆలోచన ఉంది, అందుకని ఈసారి 550 వాట్లది.