కోళ్లతో ప్రదర్శనకి: హాలు, బస, పరీక్ష బల్ల

బ్రహ్మా జాతి పుంజునీ సిల్కీ జాతి పెట్టల్నీ వేసుకుని ఈ సీజన్‌లో ఒక పెద్ద ప్రదర్శనకీ, ఇంకో చిన్న ప్రదర్శనకీ వెళ్లాం. పెద్దదానికి పేరుంది, పోటీ ఉంది, ఎటు చూసినా బోన్ల వరసలే. చిన్నది రేకుల షెడ్డులో పెట్టారు. మళ్లీ కోళ్లని తీసుకెళ్లాల్సి వస్తే నేను వెళ్లేది చిన్నదానికే. గేటు దగ్గర కోళ్ల రక్తం చూసే పరీక్ష బల్లని చూసి చెబుతున్న మాట ఇది.

అక్కడ ముఖ్యంగా చూసేది పుల్లోరం, ఫౌల్ టైఫాయిడ్ అనే రెండు కోళ్ల రోగాలు. పుల్లోరం అంటే తెల్ల పారుడు రోగమే. పిల్లల్ని గుంపులు గుంపులుగా చంపుతుంది. తట్టుకుని బతికిన పిల్ల పెరిగి నిగనిగలాడే పెట్టవుతుంది, రోగాన్ని మాత్రం కడుపులోనే దాచుకుని గుడ్ల ద్వారా తన పిల్లలకి అంటిస్తుంది. పైకి ఎంత ఆరోగ్యంగా కనిపించినా రక్తం చూడకుండా నమ్మలేం. దీనికి కారణమైన బాక్టీరియాని రెట్గర్ అనే అమెరికా శాస్త్రవేత్త 1899లోనే గుర్తించాడు. అమెరికాలో 1935లో నేషనల్ పౌల్ట్రీ ఇంప్రూవ్‌మెంట్ ప్లాన్ మొదలైందే ఈ రోగాన్ని మందల్లోంచి ఏరేయడానికి.

చిన్న ప్రదర్శనలో పరీక్ష చేసినావిడ పని చూడాల్సిందే. రెక్క విప్పి, లోపలి వైపు నాలుగు ఈకలు పీకి, స్పిరిట్‌తో తుడిచి, నరం మీద సూదితో ఒక్క పోటు. ముందే పలక మీద గడికో చుక్క ఊదారంగు యాంటిజెన్ (రక్తంలో రోగం జాడ ఉంటే పలుకులు కట్టే పరీక్ష ద్రవం) వేసి పెట్టుకుంది. సన్నటి తీగ ఉంగరంతో రక్తం తీసి ఆ చుక్కలో కలిపి, పలకని మెల్లగా అటూ ఇటూ వంచుతూ రెండు నిమిషాలు కళ్లార్పకుండా చూసింది. చుక్క అంతా ఒకే తీరుగా ఉంటే పర్వాలేదు. పాలు విరిగినట్టు ఊదా పలుకులు విడిపోతే అనుమానించాలి. ఒక కోడి అయ్యాక ఉంగరాన్ని కడిగి తుడిచాకే ఇంకో కోడి. కాలి రింగు మీద నంబరు చదివి, రాసుకుని, మాకు మళ్లీ చదివి వినిపించింది. మా సిల్కీ పెట్ట రెక్క దగ్గర రక్తం ఆగేదాకా వేలితో నొక్కి పట్టుకుని మరీ ఇచ్చింది.

పెద్ద ప్రదర్శనలో వరస పొడుగు, మనుషులు తక్కువ. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పెట్టెలు ఒకదాన్నొకటి ఆనుకుని గంటల తరబడి అలాగే ఉన్నాయి. రోగం ఉందో లేదో తేలకముందే కలిపి కూర్చోబెడితే ఇక ఆ పరీక్ష ఎందుకు? పక్క పెట్టెలో ఒక పెట్టకి కంటి మూల నురుగు, మధ్యమధ్య తుమ్ములు. కోళ్లకి ఊపిరి జబ్బు తెచ్చే మైకోప్లాస్మా అనే బాక్టీరియాకి అవి తెలిసిన లక్షణాలే. రక్తపు చుక్క చూశారే గానీ కళ్లూ ముక్కూ ఎవరూ చూడలేదు. తలుపులు తీసి ఉన్న చోట చలిగాలిలో బల్ల వేశారు. చల్లదనానికి పలుకులు కట్టడం ఆలస్యమవుతుంది. అలాంటప్పుడు రెండు నిమిషాలు పూర్తిగా ఆగాలి కదా, అదీ లేదు.

అక్కడే ఒకాయన పుంజుకి పలుకులు కనిపించాయి. అందరి ముందూ గట్టిగా చెప్పేసరికి ఆయన ముఖం పాలిపోయింది. పలక పరీక్షలో తేడా కనిపించినంత మాత్రాన రోగం ఉన్నట్టు కాదు. వేరే బాక్టీరియా తగిలినా అలా రావచ్చు, ల్యాబ్‌లో కల్చర్ చేసి, అంటే బాక్టీరియాని పెంచి చూసి తేల్చాలి. ఆ పుంజుని వెంటనే పక్కకి తీయడం న్యాయమే. ఆ సంగతి ఆయనకి విడిగా పిలిచి చెప్పాల్సింది.

మీకు వీలుంటే గేటు దాకా ఆగకుండా ముందే ఇంటి దగ్గర చేయించి కాగితం పట్టుకెళ్లండి. ఎన్ని రోజుల్లోపు కాగితం చెల్లుతుందో నిర్వాహకుల్ని అడగండి, కొన్ని చోట్ల 90 రోజులు. నాలుగు నెలలు నిండని పిల్లలకి ఈ పరీక్షని నమ్మలేం, టర్కీలకి ఈ పలక పరీక్ష పనికిరాదు. బాతులు తీసుకెళ్లేవాళ్లకి బర్డ్ ఫ్లూ సంగతి వేరే ఉంది. పైకి హాయిగా ఉంటూనే అవి వైరస్‌ని మోయగలవు. దానికి గొంతులోంచో రెట్ట ద్వారంలోంచో స్వాబ్ తీసి పీసీఆర్‌కి పంపుతారు, కాబట్టి బయల్దేరే ముందే చూసుకోవాలి.

బస దగ్గర మాత్రం పెద్ద ప్రదర్శనదే పైచేయి. హాలుకి నడిచే దూరంలో శుభ్రమైన గది, రాత్రి హాలుకి తాళం, కాపలా మనిషి. చిన్నదాని దగ్గర మాకు ఒక ఫారంలో గది దొరికింది. చోటు బాగుంది, మంచి మనుషులు, కానీ వాకిట్లో వాళ్ల కోళ్లు తిరుగుతున్నాయి. ప్రదర్శన కోళ్లతో వెళ్లేవాళ్లు అలాంటి చోట దిగకూడదు. పెట్టెలు కారు దిగనివ్వకుండా అద్దాలు కాస్త దించి, రాత్రంతా వంతులవారీగా చూసుకున్నాం.

బోన్లలో రంపపు పొట్టు రెండు చోట్లా పొడిగానే వేశారు. నీళ్ల కప్పులు చిన్నవి, మధ్యాహ్నానికే ఖాళీ. కొత్త నీళ్లు ముట్టని కోళ్లుంటాయి, ఇంటి నీళ్లు క్యాన్‌లో పట్టుకెళ్లడం మేలు. చిన్న ప్రదర్శనలో జడ్జి ఓపిక మనిషి. బ్రహ్మా కాళ్ల ఈకలు ఎక్కడ పలచబడ్డాయో, సిల్కీ అయిదో వేలు ఎలా విడిగా పైకి ఉండాలో పట్టి చూపించారు. ఒక్కో వరస అయ్యాక చేతులు కడుక్కోవడం కూడా గమనించాను.

తిరిగొచ్చిన కోళ్లని మందలో కలపకుండా నెల రోజులు దూరంగా పెట్టాం. ముందు ఇంటి కోళ్లకి దాణా, ఆ తర్వాత వీటికి, వీటి దగ్గరకి వేరే చెప్పులు. రెట్ట ద్వారం చుట్టూ ఈకలు విప్పి గోమార్లు, పేలు ఉన్నాయేమో రోజూ చూస్తున్నాం. పెద్ద ప్రదర్శన నుంచి వచ్చిన పెట్టల్లో ఒకదానికి పేలు దొరికాయి, మందు చల్లి దాన్ని వేరే గంప కింద పెట్టాం.