ఇంటి రౌటర్‌లో వీపీఎన్: ఏళ్ల తరబడి వాడాక చెప్తున్న మాట

ముందే ఒకటి క్లియర్ చేసేస్తా, ఇది నెలనెలా డబ్బు కట్టి యాప్‌లో దేశం మార్చుకునే వీపీఎన్ గురించి కాదు. దానికి పూర్తిగా తిరగేసిన వ్యవహారం. వీపీఎన్ అంటే ఇంటర్నెట్ మీదుగా రెండు పరికరాల మధ్య బయటివాళ్లు చదవలేకుండా వేసుకునే సొంత దారి, ఆ దారినే టన్నెల్ అంటారు. ఇక్కడ మన ఇంట్లో ఉన్న రౌటరే సర్వర్, బయట మనతో తిరిగే ఫోను, ల్యాప్‌టాపు క్లయింట్లు. కనెక్ట్ అయితే ఇంటి వైఫైలో ఉన్నప్పుడు ఏవేవి తెరుచుకుంటాయో అవన్నీ బయటనుంచి కూడా తెరుచుకుంటాయి, నాస్‌లో (నెట్‌వర్క్‌కి తగిలించిన స్టోరేజ్ పెట్టె) ఉన్న ఫోటోలు, కెమెరా రికార్డరు, ఇంట్లో పీసీ, చివరికి రౌటర్ సెట్టింగ్స్ పేజీ కూడా. నేను మొదట ఓపెన్‌వీపీఎన్‌తో మొదలుపెట్టి, రౌటర్ మార్చినప్పుడు వైర్‌గార్డ్‌కి వచ్చి (రెండూ వీపీఎన్ నడిపే పద్ధతులే), ఇప్పటికీ అదే వాడుతున్నా. ఇన్నాళ్లు వాడాక నాకు అర్థమైంది ఏంటంటే, వీపీఎన్ అనే ముక్క దాదాపు ఎప్పుడూ ఏడిపించలేదు, ఏడిపించినవన్నీ దాని చుట్టుపక్కలవే. కానీ జనం రౌటర్ కొనేముందు వీపీఎన్ స్పీడ్ ఎంత అని బాక్స్ మీద అంకె చూస్తారు, ఆ చుట్టుపక్కల వాటిని చూడరు.

అసలు రౌటర్‌లోనే ఎందుకు పెట్టాలి, పీసీలో పెట్టుకోవచ్చు కదా అంటే, పెట్టుకోవచ్చు, కానీ పీసీ స్లీప్‌లోకి వెళ్లిందంటే కథ అక్కడితో అయిపోతుంది. రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డు మీద పెట్టేవాళ్లు కూడా ఉన్నారు, అది బాగానే నడుస్తుంది, కాకపోతే రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డ్ (బయటనుంచి వచ్చే కనెక్షన్‌ని ఆ బోర్డుకి మళ్లించడం) చేయాలి, మెమరీ కార్డు పోతే మళ్లీ మొదటినుంచి, పైగా వీపీఎన్‌లోంచి వచ్చిన వాటికి ఇంట్లో మిగతా పరికరాలు జవాబు ఏ దారిలో పంపాలో తెలిసేలా రూటింగ్ సరిచూసుకోవాలి. రౌటర్‌లో ఉంటే ఈ తలనొప్పి ఉండదు, ఎలాగూ అన్నీ దాని గుండానే పోతాయి కాబట్టి. కరెంటు పోయి వచ్చినా అదే లేచి కూర్చుంటుంది, మనం ఏం చేయక్కర్లేదు.

ఇంకో లాభం ఉంది, నాకైతే ఇదే అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది: వేక్ ఆన్ ల్యాన్. ఆపేసి ఉన్న పీసీని లేపడానికి పంపే మ్యాజిక్ ప్యాకెట్ మామూలుగా బ్రాడ్‌కాస్ట్‌గా, అంటే ఆ నెట్‌వర్క్‌లో ఉన్న అందరికీ ఒకేసారి వెళ్తుంది, అది వీపీఎన్ టన్నెల్ దాటి ఇంట్లోకి రాదు, ఫోన్‌లో యాప్ పెట్టి నొక్కినా చాలావరకు లేవదు. కానీ రౌటర్ ఇంటి నెట్‌వర్క్‌లోనే ఉంది కదా, వీపీఎన్‌లోకి వెళ్లి రౌటర్ పేజీ తెరిచి అక్కడున్న వేక్ బటన్ నొక్కితే ఆ ప్యాకెట్‌ని రౌటరే లోపల్నుంచి పంపిస్తుంది, పీసీ లేస్తుంది, తర్వాత రిమోట్ డెస్క్‌టాప్‌తో లోపలికి వెళ్లడమే. అందుకే పీసీని రోజంతా ఆన్‌లో పెట్టడం మానేశా. అన్ని రౌటర్లలోనూ ఈ బటన్ ఉండదు, కొనేముందు మాన్యువల్‌లో వెతకండి.

ఇప్పుడు అసలు గండం. మీకు పబ్లిక్ ఐపీ (బయటి ఇంటర్నెట్‌నుంచి నేరుగా చేరగలిగే అడ్రస్) ఉందా లేదా? ఇది చూడకుండా రౌటర్ కొంటే డబ్బు బూడిదలో పోసినట్టే. చూడ్డం తేలికే, రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ అని ఒకటి ఉంటుంది, ఇంకోపక్క బ్రౌజర్‌లో నా ఐపీ ఎంత అని చెప్పే ఏ సైట్ అయినా తెరవండి, రెండూ ఒకటే అయితే మీరు అదృష్టవంతులు. వేరువేరుగా ఉండి రౌటర్‌లో కనిపించేది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీ ప్రొవైడర్ సీజీన్యాట్ వాడుతున్నట్టు. ఐపీవీ4 అడ్రసులు సరిపోక వందల ఇళ్లను ఒకే పబ్లిక్ అడ్రస్ వెనక పెట్టడానికి చేసుకున్న ఏర్పాటు అది, ఈ అడ్రస్ రేంజ్‌ని 2012లో ప్రత్యేకంగా దానికోసమే కేటాయించారు. అందులో ఉంటే ఐపీవీ4లో బయటనుంచి మీ ఇంటి తలుపు తట్టడానికి దారే లేదు, రౌటర్ ఎంత ఖరీదైనదైనా సరే. 192.168తోనో 10తోనో మొదలైతే మాత్రం రెండు అవకాశాలు, ప్రొవైడర్ లోపలే న్యాట్ (చాలా పరికరాలని ఒకే అడ్రస్ వెనక పెట్టడం) చేస్తుండొచ్చు, లేదా మీ రౌటర్ ముందు వాళ్లిచ్చిన ఫైబర్ బాక్స్ కూడా రౌటర్ పని చేస్తుండొచ్చు. రెండోదైతే ఆ బాక్స్‌ని బ్రిడ్జ్ మోడ్‌లో (అది రౌటర్ పని మానేసి కనెక్షన్‌ని మీ రౌటర్‌కే వదిలేసేలా) పెట్టించుకుంటే సరిపోతుంది.

సీజీన్యాట్ అని తేలితే ప్రొవైడర్‌ని అడిగి పబ్లిక్ ఐపీ తీసుకోవడం సూటి దారి. ఐపీవీ6 (కొత్త తరం అడ్రసులు) ఉంటే దాని మీద కూడా నడుస్తుంది, కానీ అప్పుడు బయట మీరు వాడే నెట్‌వర్క్‌లో కూడా ఐపీవీ6 ఉండాలి, మొబైల్ డేటాలో చాలాచోట్ల ఉంటుంది, హోటల్ వైఫైలో ఉంటుందని నమ్మకం లేదు. ఈ రెండూ కుదరకపోతే రౌటర్ వీపీఎన్ ఆలోచన వదిలేసి టెయిల్‌స్కేల్, జీరోటైర్ లాంటివి చూసుకోండి, అవి రెండువైపులనుంచీ బయటికే కనెక్షన్ తెరిచి మధ్యలో కలుపుతాయి కాబట్టి న్యాట్ వెనక ఉన్నా పనిచేస్తాయి. వాటిని నేను తక్కువ చేయను, చాలామందికి అవే తేలిక. నాకు మాత్రం ఎవరెవరు నా ఇంట్లోకి రావచ్చో రాసిన చిట్టా వేరే కంపెనీ దగ్గర కాకుండా నా రౌటర్‌లోనే ఉండటం ఇష్టం, అంతే.

పబ్లిక్ ఐపీ ఉన్నా అది మారుతూ ఉంటుంది, దానికి డీడీఎన్‌ఎస్ పెట్టుకోవాలి, ఇంటి ఐపీ ఎప్పుడు మారినా ఒక పేరు కిందకి కొత్త అడ్రస్ వచ్చి చేరుతుంది, ఈ సెట్టింగ్ చాలా రౌటర్లలో ముందే ఉంటుంది. ఇక్కడ వైర్‌గార్డ్‌తో ఒక మెలిక ఉంది. అది టన్నెల్ మొదలైనప్పుడు ఆ పేరుని ఐపీగా మార్చుకుని అదే పట్టుకుని కూర్చుంటుంది, మధ్యలో ఇంటి ఐపీ మారితే పాత అడ్రస్‌కే పంపుతూ ఉంటుంది, యాప్‌లో కనెక్ట్ అయినట్టే చూపిస్తుంది కానీ ఏదీ తెరుచుకోదు. ఆఫ్ చేసి ఆన్ చేస్తే అయిపోతుంది. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లలో పెట్టి ఇచ్చినప్పుడు వాళ్లకి నేను నేర్పించింది ఈ ఒక్క ముక్కే.

ప్రోటోకాల్ సంగతి త్వరగా చెప్పేస్తా. పాత రౌటర్లలో పీపీటీపీ అని కనిపిస్తుంది, సెటప్ రెండు నిమిషాలే, కానీ ముట్టుకోకండి, దాని పాస్‌వర్డ్ పద్ధతిని బద్దలు కొట్టొచ్చని 2012లోనే అందరికీ చూపించారు, ఆపిల్ కూడా 2016లో ఐఓఎస్ 10 నుంచి దాన్ని తీసేసింది. ఎల్‌2టీపీ కూడా పోతోంది, ఆండ్రాయిడ్ 12 నుంచి కొత్తగా పెట్టుకునే వీలు లేదు. ఇక ఇంటి రౌటర్లలో ముఖ్యంగా మిగిలేవి ఓపెన్‌వీపీఎన్, వైర్‌గార్డ్. ఓపెన్‌వీపీఎన్ 2001 నుంచి ఉంది, గట్టిది, కానీ రౌటర్లలో ఉండే చిన్న ప్రాసెసర్ మీద అది నీరసంగా నడుస్తుంది, మామూలుగా ప్రతి ప్యాకెట్ కెర్నెల్‌లోంచి (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ప్రోగ్రామ్‌లోకి వెళ్లి మళ్లీ వెనక్కి రావాలి, పైగా పని మొత్తం ఒకే కోర్ మీద పడుతుంది. వైర్‌గార్డ్ అలా కాదు, 2020 మార్చిలో లైనక్స్ 5.6తో కెర్నెల్‌లోకే వచ్చేసింది, అది వాడే చాచా20 ఎన్‌క్రిప్షన్‌కి ప్రాసెసర్‌లో ఏఈఎస్ (ఇంకో ఎన్‌క్రిప్షన్ పద్ధతి) కోసం ఉండే ప్రత్యేకమైన హార్డ్‌వేర్ అక్కర్లేదు. వైఫైలోంచి మొబైల్ డేటాకి మారినా టన్నెల్ తెగదు, ఇది వాడితేనే తెలుస్తుంది, ఓపెన్‌వీపీఎన్‌లో అయితే తిరిగే చక్రం చూస్తూ కూర్చోవాల్సి వచ్చేది. ఇంకో మంచి గుణం, కీ తెలియనివాళ్లు ఆ పోర్ట్‌కి ఏం పంపినా అది జవాబే ఇవ్వదు, స్కాన్ చేసేవాడికి అక్కడ ఏదో ఉందని కూడా తెలియదు.

అలాగని ఓపెన్‌వీపీఎన్‌ని రౌటర్‌లోంచి పూర్తిగా తీసేయలేదు. ఇంటర్నెట్‌లో డేటా పంపడానికి యూడీపీ, టీసీపీ అని రెండు పద్ధతులుంటాయి, వైర్‌గార్డ్ యూడీపీ మీద మాత్రమే నడుస్తుంది, కొన్ని ఆఫీసు, హోటల్ నెట్‌వర్క్‌లలో యూడీపీని ఆపేస్తారు, అలాంటి చోట ఓపెన్‌వీపీఎన్‌ని టీసీపీ 443 మీద పెట్టుకుంటే మామూలు వెబ్‌సైట్ ట్రాఫిక్ వెళ్లే దారిలోనే దూరిపోతుంది. నిదానమే, కానీ దారి ఉంటుంది. దీన్ని ఇలా స్టెప్నీలా ఉంచుకునేవాళ్లు సర్టిఫికెట్ల (ఓపెన్‌వీపీఎన్‌లో రెండువైపులా ఒకరినొకరు గుర్తుపట్టే ఫైళ్లు) గడువు ఎక్కడైనా రాసి పెట్టుకోండి, అవి ఒకరోజు నిశ్శబ్దంగా ఎక్స్‌పైర్ అవుతాయి. అలాగే చాలా రౌటర్లలో గడియారానికి బ్యాటరీ ఉండదు, కరెంటు వచ్చాక ఇంటర్నెట్‌నుంచి టైమ్ తెచ్చుకునేదాకా దానికి పాత తేదీయే, ఆ కాసేపు సర్టిఫికెట్ చెల్లదని గొడవ చేస్తుంది, కొద్దిగా ఆగితే అదే సర్దుకుంటుంది.

స్పీడ్ గురించి అడిగేవాళ్లకి ఒకటే మాట, బయటినుంచి మీరు డౌన్‌లోడ్ చేసేది మీ ఇంటి అప్‌లోడ్ నుంచే వస్తుంది. ఇంట్లో డౌన్‌లోడ్ 200 ఎంబీపీఎస్ ఉండి అప్‌లోడ్ 20 ఉంటే బయట మీకు దొరికేది 20లోపే, రౌటర్ బాక్స్ మీద వైర్‌గార్డ్ 500 అని రాసి ఉన్నా ఏం లాభం లేదు. ఫైబర్‌లో రెండువైపులా ఒకే స్పీడ్ ఇచ్చే ప్లాన్ ఉంటే ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

సబ్‌నెట్ (ఒక నెట్‌వర్క్‌లోని పరికరాలన్నీ వాడే అడ్రసుల గుంపు) గురించి కొంచెం ఎక్కువసేపు చెప్తా, ఎందుకంటే ఇది సెటప్ గైడ్లలో ఒక లైన్‌లో దాటేస్తారు. మీ ఇంట్లో 192.168.1.x ఉంది, మీరు వెళ్లినచోట వైఫైలో కూడా 192.168.1.x ఉంది అనుకోండి, మీ ల్యాప్‌టాప్‌కి 192.168.1.10 అంటే ఇంట్లో ఉన్న నాస్ పెట్టెనా లేక ఇక్కడ పక్కనోళ్ల ప్రింటరా తెలియదు, సాధారణంగా పక్కనున్నదే అనుకుంటుంది. వీపీఎన్ కనెక్ట్ అయినట్టే ఉంటుంది, ఏదీ తెరుచుకోదు, మొబైల్ డేటాకి మారగానే అన్నీ పనిచేస్తాయి, మనిషికి పిచ్చెక్కుతుంది. 192.168.0, 192.168.1 రెండూ ఫ్యాక్టరీ సెట్టింగ్‌లో అందరికీ ఉండేవే కాబట్టి ఈ ఢీ కొట్టుకోవడం తరచూ జరుగుతుంది. నేను వైర్‌గార్డ్ పెట్టేరోజే ఇంటి నెట్‌వర్క్‌ని ఎవరూ వాడని నంబరుకి మార్చేశా, 192.168.87 లాంటిది ఏదైనా సరే. పరికరాలు తక్కువున్నప్పుడే ఈ పని చేసేయండి, తర్వాత ప్రతి కెమెరాకీ ప్రింటర్‌కీ ఐపీ మార్చుకుంటూ కూర్చోవాలి.

కనెక్ట్ అయ్యాక కూడా కొన్ని పనిచేయవు, అది లోపం కాదు, పద్ధతే అంత. టీవీకి కాస్ట్ చేయడం, ప్రింటర్ దానంతట అదే లిస్ట్‌లో కనిపించడం, ఇవన్నీ ఎండీఎన్‌ఎస్ అనే లోకల్ పిలుపు మీద ఆధారపడతాయి, అది టన్నెల్ దాటదు, కాబట్టి ఐపీ కొట్టి వెళ్లాల్సిందే. విండోస్ పీసీలో షేర్ చేసిన ఫోల్డర్ తెరుచుకోకపోతే వీపీఎన్‌ని అనుమానించకండి, విండోస్ ఫైర్‌వాల్ ఫైల్ షేరింగ్‌ని మామూలుగా తన సబ్‌నెట్ వాళ్లకే అనుమతిస్తుంది, వీపీఎన్‌లోంచి వచ్చేవాళ్ల అడ్రస్ వేరే సబ్‌నెట్‌లో ఉంటుంది, ఆ రూల్‌లో స్కోప్‌కి వెళ్లి దాన్ని కలపాలి. ఇంకోటి, పింగ్ వెళ్తోంది కానీ పేజీలు సగంలో ఆగిపోతున్నాయంటే ఎంటీయూ (ఒక ప్యాకెట్ ఎన్ని బైట్లదాకా ఉండొచ్చనే హద్దు) చూడండి, వైర్‌గార్డ్‌లో మామూలుగా 1420 ఉంటుంది, కొన్ని మొబైల్ నెట్‌వర్క్‌లకి అది ఎక్కువ, 1280 పెడితే చాలావరకు సర్దుకుంటుంది.

సెక్యూరిటీ సంగతి. కెమెరాకో పీసీకో నేరుగా పోర్ట్ తెరిచి పెట్టుకునేకన్నా ఇది ఎంతో మేలు, 2016లో మిరాయ్ అనే మాల్వేర్ అలా బయటికి తెరిచి ఉన్న కెమెరాలనే డిఫాల్ట్ పాస్‌వర్డ్‌లతో పట్టుకుంది. కానీ ఇప్పుడు తాళాలన్నీ రౌటర్ చేతిలో పెట్టాం కదా, ఆ రౌటరే దొరికిపోతే? 2018లో బయటపడ్డ వీపీఎన్‌ఫిల్టర్ సుమారు 5 లక్షల రౌటర్లు, నాస్‌లలోకి దూరింది, పేరులో వీపీఎన్ ఉంది గానీ అది ఫక్తు మాల్వేర్. కాబట్టి అప్‌డేట్లు ఆగిపోయిన రౌటర్ మీద వీపీఎన్ సర్వర్ నడపొద్దు, కంపెనీ వదిలేసిన మోడల్ అయితే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్లలో కంపెనీ సాఫ్ట్‌వేర్ బదులు వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్) దానికి ఉందేమో చూడండి, లేకపోతే మార్చేయండి. రౌటర్ అడ్మిన్ పేజీని ఇంటర్నెట్‌కి తెరిచే ఆప్షన్ ఆఫ్‌లోనే ఉంచండి, వీపీఎన్ ఉన్నాక దాని అవసరమే లేదు. ఒక్కో పరికరానికి ఒక్కో కీ ఇవ్వండి, ఒకే క్యూఆర్ కోడ్‌ని నలుగురి ఫోన్లలో స్కాన్ చేస్తే ఒకరు కనెక్ట్ అయినప్పుడు ఇంకొకరిది తెగిపోతుంది, పైగా ఫోన్ పోతే ఒక్కరిని తీసేయడం కుదరదు. ఆ క్యూఆర్ స్క్రీన్‌షాట్‌ని గ్యాలరీలో వదిలేయడం అంటే ఇంటి తాళంచెవి ఫోటో తీసి పెట్టుకోవడమే.

చివరగా ఫోన్ సెట్టింగ్స్. రెండు ప్రొఫైళ్లు చేసుకోండి, ఒకదాంట్లో అలౌడ్ ఐపీస్ (ఏ అడ్రసులకి వెళ్లేది టన్నెల్‌లోకి పోవాలో చెప్పే చోటు) దగ్గర ఇంటి సబ్‌నెట్ మాత్రమే, రెండోదాంట్లో 0.0.0.0/0, ::/0, అంటే మొత్తం ట్రాఫిక్ ఇంటి గుండా. మొదటిది రోజువారీకి, ఫోన్ ఇంటర్నెట్ మామూలుగానే పరిగెడుతుంది, ఇంటికి వెళ్లేది మాత్రమే టన్నెల్‌లోకి పోతుంది. రెండోది తెలియని పబ్లిక్ వైఫైలో ఉన్నప్పుడు. పెర్సిస్టెంట్ కీప్‌అలైవ్‌లో (టన్నెల్ తెరిచే ఉండేలా ఎన్ని సెకన్లకోసారి ఖాళీ ప్యాకెట్ పంపాలో చెప్పే సెట్టింగ్) చాలా గైడ్లు 25 పెట్టమంటాయి, ఫోన్‌లో మాత్రం దాన్ని ఖాళీగా వదిలేయండి, ఇంటికి ఎప్పుడు వెళ్లాలన్నా మొదటి మాట ఫోనే కలుపుతుంది కాబట్టి దాని అవసరం రాదు, ఊరికే ప్రతి 25 సెకన్లకీ రేడియోని లేపి బ్యాటరీ తినడం తప్ప. టెస్ట్ చేసేటప్పుడు వైఫై ఆపి మొబైల్ డేటా మీదే చేయండి, ఇంటి లోపల్నుంచి ఇంటి బయటి అడ్రస్‌కి వెళ్లే దారిని అన్ని రౌటర్లూ సరిగ్గా తిప్పవు, అన్నీ బాగున్నా పనిచేయట్లేదని ఊరికే కంగారు పడతారు.